పడుకోబెడితే పెరిగే పిల్లలు

పిల్లల్లో పోషకాహార లోపం పోవాలంటే పాలు, గుడ్లు, పప్పు పెట్టాలని ఇంకా కొందరు పాతకాలపు మనుషులు వాదిస్తున్నారు. వాటికి బడ్జెట్ కావాలి, కాంట్రాక్టర్ కావాలి, ఆపైన గుడ్డు సైజు మీద గొడవలు. ఇంత టెన్షన్ దేనికి? అంగన్‌వాడీలో పిల్లల్ని కొలిచే చెయ్యి మనదైతే చాలదా?

రెండేళ్లు నిండిన మగపిల్లాణ్ణే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం వాడు 81 సెంటీమీటర్లకు తగ్గితే వయసుకు తగ్గ ఎత్తు లేనట్టే. రెండేళ్లలోపు వాళ్లను పడుకోబెట్టి కొలవాలి, ఆ తర్వాత నిలబెట్టి. పడుకుంటే ఎత్తు ఓ 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుందని ఆ సంస్థే ఒప్పుకుంది. మరి 80.5 ఉన్నవాణ్ణి నిలబెట్టడం ఎందుకు? హాయిగా పడుకోబెట్టి 81.2 అని ఫోన్లో కొట్టేయండి. తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి వెయ్యి రోజుల్లో జరిగిన నష్టం ఒక్క నిమిషంలో పూడిపోయింది!

బరువు ఇంకా తేలిక. పిల్లాణ్ణి తక్కెడ సంచిలో కూర్చోబెట్టగానే కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తాడు. ముల్లు తొమ్మిదికీ పదికీ మధ్య ఊగుతుంది. 9.7 కిలోలకు తగ్గితే బరువు తక్కువ కింద లెక్క కాబట్టి, బాలుడి భవిష్యత్తు దృష్ట్యా పదే రాసుకోవాలి. అయినా మనస్సాక్షి పీకితే స్వెట్టర్, వెండి కడియాలు, మొలతాడుకున్న తాయెత్తులు ఉండనివ్వండి. జబ్బకు చుట్టే పట్టీ 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే తీవ్ర పోషకాహార లోపమని ఎరుపు చూపిస్తుంది కనుక చొక్కా చేతి మీదుగా చుట్టడం మంచిది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతమని తేలింది. ఆ సర్వే వాళ్లు సొంత కొలబద్దలు వెంట తెచ్చుకున్నారు మరి! అతిథి మర్యాద తెలియని మనుషులు.

2021 నుంచి అంగన్‌వాడీల్లో పిల్లల కొలతలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక ఇలాంటి మొహమాటాలు లేవు. నెలవారీ మీటింగ్‌లో సంభాషణ సాధారణంగా ఇలా ఉంటుంది.

"ఏమ్మా, మీ సెంటర్లోనే ఇన్ని ఎరుపులు ఎందుకొచ్చాయి?"

"పిల్లలు అలాగే ఉన్నారు మేడమ్."

"పిల్లల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఎంట్రీలు సరిచెయ్యి."