ఇల్లరికం వచ్చిన ఇంజను గారికి

మహారాజశ్రీ పదహారు వాల్వుల అల్లుడుగారికి,

అంబాసిడర్ ఇంటి పెద్దగా మీ మామ వ్రాయునది ఏమనగా, ఉభయ కుశలోపరి. ఉభయ అన్నమాట అలవాటు కొద్దీ పడింది. మీరు కుశలమే. సెల్ఫ్ తాకగానే లేస్తారు, లేచినట్టు కూడా తెలియదు. కుశలం లేనిది నాకూ, మా ఇంటికీ.

మీ పుట్టింటి పేరు ఇక్కడ రాయను. ఏదో జీపులో పుట్టారు. ఆ జీపు తుక్కుకు వెళ్లిపోయాక విజయవాడ ఆటోనగర్‌లో ఓ రేకుల షెడ్డులో పాత టైరు మీద కూర్చుని ఉన్నారు, నేను చూడటానికి వచ్చిన రోజున. పెళ్లిచూపుల్లో మీ గుణగణాలన్నీ మేస్త్రే చెప్పాడు. 1298 సీసీ అట. 80 గుర్రాల బలమట. కార్బురేటర్ గొడవ లేదట, అంతా ఇంజెక్షనేనట. ఐదు గేర్ల గేర్‌బాక్సు కూడా సారెలాగా మీతోనే వస్తుందట. "నిలువు ఇంజను దొరకడమే కష్టమండీ, ఆలోచించకండి" అన్నాడు. ఆ మాట నిజమే. ఇప్పటి కార్లలో చాలా వాటికి ఇంజను బోనెట్ కింద అడ్డంగా పడుకుని ముందు చక్రాలను తిప్పుతుంది. మా బండిని తోసేవి వెనక చక్రాలు. నిలువుగా కూర్చుని, వెనక్కి షాఫ్టు అందించగల వరుడే మాకు కావాలి. ఆ ఒక్క అర్హత చూసి తాంబూలాలు పుచ్చుకున్నాను.

ఇల్లు ఎలాంటిదో మీకు అప్పుడే చెప్పి ఉండాల్సింది. అంబాసిడర్ మార్క్ 3, 1976 బండి. మా నాన్న కొన్నది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఒంటితో బెంగాల్‌లోని ఉత్తరపాడలో తయారై, 2014లో ఆ వంశం ఆగిపోయేదాకా గ్రిల్లు మార్చుకుంటూ, ముఖం కడుక్కుంటూ బతికిన కుటుంబం. మీరు కూర్చున్న చోట అంతకుముందు ఉన్నాయన 1489 సీసీ. ఇంట్లో అందరం పెద్దాయన అనే అంటాం. బలం 50 గుర్రాలకు అటూఇటూ. అందులో ఎన్ని గుర్రాలు ముసలివైపోయాయో లెక్క తీయలేదు.

పెద్దాయన గొప్పలు చెప్పి మిమ్మల్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఆయన చేసిన అవస్థలు నాకు తెలుసు. బండి పూర్తిగా ఆగితే గాని మొదటి గేరు పడదు, తొందరపడితే పళ్లు కొరుకుతాడు. రోజూ పొద్దున మా అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తే ఆయన పక్కనే ఆయిలుతో నాలుగు చుక్కలు పెట్టేవాడు. మే నెలలో పెట్రోలు పంపులోనే ఆవిరై బండి ఆగిపోయేది, పంపు మీద తడిగుడ్డ కప్పి జ్వరం వచ్చిన పిల్లాడి దగ్గర కూర్చున్నట్టు కూర్చునేవాళ్లం. అరకు వెళ్తుంటే అనంతగిరి ఘాట్‌లో ఏదో ఒక మలుపులో రేడియేటర్ పొంగేది. అది ఏ మలుపో ముందే తెలుసన్నట్టు అమ్మ అక్కడే పులిహోర డబ్బా తీసేది. అయితే ఆయన రోగానికి మందు ఎప్పుడూ చేతిలోనే ఉండేది. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు అరిగితే నాన్న అగ్గిపెట్టె అట్ట చింపి, ఆ మందానికి గ్యాప్ సరిచేసి, చేతులు తుడుచుకుని ఎక్కేవాడు.

మరి ఎందుకు తీయించానంటారా? ఏసీ కోసం. ఇంతకంటే గౌరవమైన కారణం చెప్పాలని చాలా ప్రయత్నించాను, దొరకలేదు. ఉన్న 50 గుర్రాల్లో నాలుగైదింటిని కంప్రెసర్‌కు కట్టేస్తే పెద్దాయన బెంజి సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కడానికే ఆయాసపడతాడని మేస్త్రి తేల్చాడు. నాకు బండి అదే కావాలి. ఆ గుండ్రటి వీపు, ఆ వెడల్పు సీటు, తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన చప్పుడు, అన్నీ ఉండాలి. ఎండ మాత్రం ఉండకూడదు, ఆగడం ఉండకూడదు, అగ్గిపెట్టె అట్ట ఉండకూడదు.

మా బావమరిది ఇంకో ధైర్యం చెప్పాడు. "కంపెనీ వాళ్లే చేశారు కదా బావా" అని. చేశారు. 1984లో కాంటెస్సా తెచ్చినప్పుడు అంత పెద్ద ఒంట్లో ఇదే 1489 పెద్దాయనను కూర్చోబెట్టారు, తర్వాత ఆ ఒంటికి ఈయన చాలడని ఇసుజు 1.8 లీటర్ల ఇంజను తెచ్చారు. 1990ల మొదట్లో అదే ఇసుజును ఐదు గేర్లతో సహా అంబాసిడర్‌లోనూ పెట్టారు. అలాగే పద్మినీ కార్లు చేసిన ప్రీమియర్ ఇంటివాళ్లు తమ 118 ఎన్‌ఈ కారులో నిస్సాన్ ఇంజను పెట్టుకున్నారు. అంటే మన దేశంలో పాత ఒంట్లో కొత్త గుండె అనేది ఫ్యాక్టరీ గేటు లోపల మొదలైన ఆచారమే. వాళ్ల దగ్గర డ్రాయింగులు ఉన్నాయి, ఇంజనీర్లు ఉన్నారు, అనుమతి పత్రాలు ఉన్నాయి. మా దగ్గర గ్యాస్ కట్టర్ ఉంది.

"రెండు వారాలండీ" అన్నాడు మేస్త్రి.

మీ గృహప్రవేశం గుర్తుందా? గొలుసుకు వేలాడుతూ కుడికాలు ముందు పెట్టబోయారు, మీ ఛాంబరు వెళ్లి క్రాస్ మెంబర్‌కు తగిలింది. ఆయిలు నిలిచే ఆ గిన్నె మీకు ఉన్న చోట మా ఇంటికి దూలం ఉంది. దూలం తీయలేం, ముందు చక్రాల బరువంతా దానిమీదే. మీ గిన్నె కోసి, పక్క నుంచి రేకు అతికి, లోపల ఆయిలు పీల్చే గొట్టాన్ని కూడా జరిపారు. అది జరపకపోతే మలుపులో ఆయిలు ఒక మూలకు, గొట్టం ఇంకో మూలకు పోయి బేరింగులు ఎండిపోతాయని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత మౌంటింగులు. పెద్దాయన మౌంటింగులు మీ భుజాలకు అందలేదు. వాటిని కోసేసి కొత్తవి వెల్డింగ్ చేశారు. ఈ కోసేయడం అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో పని ఉంది.

గేర్‌బాక్సు దగ్గరికి వచ్చేసరికి ఇంటి నేలే తవ్వాల్సి వచ్చింది. మా బండిలో గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్ల. మీ గేరు కర్ర నేలలోంచి పుట్టింది, అదీ ఆ బల్లకు సరిగ్గా నడిమధ్యన. సీటును రెండుగా కోశారు. అల్లుడుగారూ, మీకు తెలియదు గాని, ఆ నడిమధ్య ఖాళీగా ఉన్న చోటు కాదు. నాన్నకూ అమ్మకూ మధ్య నేను కూర్చుని బెజవాడ నుంచి విశాఖపట్నం దాకా వెళ్లిన చోటు. నా తర్వాత నా కూతురు కూర్చుంది. ఇప్పుడు అక్కడ మీ కర్ర ఉంది, దాని మీద అంకెలు చెక్కిన గుండు ఉంది. సీటు బెల్టు లేని పిల్లను ముందు కూర్చోబెట్టడం తప్పేనని ఈ కాలం చెబుతుంది, ఒప్పుకుంటాను. కానీ కోసింది ఆ భద్రత కోసమైతే కాదు.

మీ బలాన్ని వెనక చక్రాల దాకా మోసే ప్రొపెల్లర్ షాఫ్టు సంగతి విడిగా చెప్పుకోవాలి, నా నిద్ర పోయింది అక్కడే. పాత షాఫ్టు పొడవు మీకు కుదరలేదు, ఫ్లాంజి కలవలేదు. కోసి, లేతు పని చేయించి, అతికారు. బయల్దేరితే 60 దాకా వెన్నలా వెళ్లింది. 70 దాటగానే బండిలో ఉన్నవాళ్లందరి పళ్లూ మోగాయి. షాఫ్టుకు రెండు చివర్లా క్రాసులని వంగి తిరిగే కీళ్లు ఉంటాయి కదా, ముందున్న గేర్‌బాక్సు వంపు, వెనకున్న డిఫరెన్షియల్ వంపు ఒకదానికొకటి సమానంగా ఉండాలి. ఉంటే ఒక క్రాసు చేసే కుదుపును రెండోది సరిచేస్తుంది. లేకపోతే తిరిగే ప్రతి చుట్టులో షాఫ్టు రెండుసార్లు పరిగెత్తి, రెండుసార్లు ఆగినట్టు నడుస్తుంది. మేస్త్రి మీ గేర్‌బాక్సు కింద వాషర్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, నాలుగు ఆదివారాలు మాకు జాతీయ రహదారి మీద తీర్థయాత్ర చేయించాడు. చివరికి ఒక వాషరు తక్కువైందని తేలింది. ఒకటంటే ఒకటి.

మిగతా కట్నాలు గబగబా చెప్పేస్తాను. పెద్దాయనకు పెట్రోలు అందితే చాలు, మీకు ఒత్తిడితో తోయాలి. దాంతో ట్యాంకులో కొత్త పంపు. ఆ పంపు నలభై ఏళ్ల తుప్పునంతా పీల్చి ఫిల్టరు మూసేసింది, కొత్త ట్యాంకు. మీ వేడికి కొత్త రేడియేటర్, దానికి కరెంటు ఫ్యాన్లు, ఆ ఫ్యాన్లకు పెద్ద ఆల్టర్నేటర్. ఫ్యూజులు వేళ్ల మీద లెక్కపెట్టే ఇంట్లోకి మీరు తెచ్చిన వైర్ల కట్ట మా అమ్మాయి జడంత లావుంది. ఇంత వేగం పుట్టాక ఆపడం ఎలా? నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్నాయి. ముందు డిస్కులు వేయించాం. స్పీడోమీటరు మీ గేర్‌బాక్సు లెక్కకూ మా వెనక ఇరుసు లెక్కకూ పొసగక ఏదో ఒక అంకె చూపిస్తోంది, నేనూ చూసీచూడనట్టు పోతున్నాను. రెండు వారాలు ఎనిమిది నెలలయ్యాయి.

మీరు మంచివారే. ఆ మాట అనకపోతే పాపం. మొన్న చిలకలూరిపేట దాటాక ఓ కంటైనర్ లారీని పక్కనుంచి దాటేశారు. ఆ బండి పుట్టాక అంత సునాయాసంగా ఒకరిని దాటడం అదే మొదలనుకుంటాను. లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి మరీ చూశాడు. ఏసీ లోపల నా భార్య శాలువా కప్పుకుంది. ఆ పది నిమిషాలూ నేను మీ అంత అల్లుడు ఊళ్లోనే లేడనుకున్నాను.

తర్వాత హనుమాన్ జంక్షన్ దగ్గర అలకపాన్పు ఎక్కారు.

వాన. ఊరికే ఆగిపోయారు. దగ్గు లేదు, పొగ లేదు, పొంగు లేదు. పెద్దాయనైతే ఆగే ముందు పది కిలోమీటర్ల నుంచీ ఏదో ఒకటి గొణిగేవాడు. రోడ్డు పక్క షెడ్డు నుంచి ఓ ముసలి మెకానిక్ గొడుగు వేసుకుని నవ్వుతూ వచ్చాడు. అంబాసిడర్ కదా, కళ్లు మూసుకుని బాగుచేస్తానన్న నవ్వు అది. బోనెట్ ఎత్తాడు. కాసేపు చూశాడు. మళ్లీ నెమ్మదిగా దించి, బండి ముందుకు వెళ్లి బ్యాడ్జి చదివి, "ఇదేం బండండీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఏలూరు నుంచి స్కానరు ఉన్న కుర్రాణ్ణి పిలిపించాం. వాడు వైరు తగిలించాడు. స్కానరు బండి పేరు అడిగింది. పట్టీలో ఎంత వెతికినా అంబాసిడర్ లేదు. మీ పుట్టింటి పేరు కొడితే అప్పుడు నోరు విప్పారు. ఎన్నాళ్లు అత్తారింట్లో ఉన్నా పలికేది పుట్టింటి భాషేనన్నమాట. రోగం ఏమిటంటే, ఇంజను తిరుగుడు కనిపెట్టే క్రాంక్ సెన్సరు వైరు చివర నీళ్లు దూరాయి. గుడ్డతో తుడిస్తే లేచారు. గుడ్డతోనే బాగయ్యారు, అక్కడికి పెద్దాయనకూ మీకూ తేడా లేదు. ఏ గుడ్డతో ఎక్కడ తుడవాలో తెలుసుకోవడానికి నాలుగు గంటలు పట్టింది, అంతే.

ఇక కాగితాల సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. బండి రెన్యువల్ దగ్గరపడుతోంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు బోనెట్ ఎత్తి ఇంజను నంబరు చూస్తారు. ఆర్‌సీలో ఉన్నది పెద్దాయన నంబరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివాను, పెళ్లికి ముందు చదవాల్సింది. తయారుచేసినవాళ్లు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అందులో ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. తమాషా ఏమిటంటే గ్యాస్‌తోనో కరెంటుతోనో నడిపిస్తానంటే, ఆమోదం ఉన్న కిట్టు తెచ్చుకుంటే దారి ఉంది. పెట్రోలు ఇంజను తీసి ఇంకో పెట్రోలు ఇంజను పెడతానంటేనే చిక్కు. మేస్త్రిని అడిగితే "అప్పుడు చూసుకుందాంలెండి" అన్నాడు. ఆ "అప్పుడు" వచ్చేసింది.

ఇంకో ముచ్చట కూడా ఉంది. 2021లో కేంద్రం పాత బండ్లకు కొత్త నియమాలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉంటే వింటేజ్ అని గుర్తింపు ఇస్తారు, నంబరులో వీఏ అని రెండు అక్షరాలు వేస్తారు, 20,000 రూపాయలు ఫీజు. ఛాసిస్, ఒళ్లు, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. రోజూ తిప్పుకోవడానికి వీల్లేదనుకోండి, ప్రదర్శనలకూ ర్యాలీలకే. అయినా 1976 బండికి 2026తో యాభై నిండుతాయి. నలభై తొమ్మిదేళ్లు పెద్దాయనను భరించి, స్వర్ణోత్సవం గుమ్మంలో ఉండగా ఆయనను గెంటేశాను.

నిన్న పెరట్లోకి వెళ్లాను. పెద్దాయన మామిడి చెట్టు కింద టైరు మీద ఉన్నాడు, పైన యూరియా సంచీ కప్పి ఉంది. కింద నాలుగు చుక్కల ఆయిలు. ఇంజనులో చుక్క లేకుండా వంచేసి ఏడాది దాటింది, ఆ నాలుగు చుక్కలు ఎక్కడ దాచుకున్నాడో. మేస్త్రిని పిలిపించాను. పాతదే మళ్లీ పెట్టేయమన్నాను. మీకు చెప్పకుండా ఈ మాట ఆడినందుకు మన్నించాలి.

మేస్త్రి జేబులోంచి టేపు తీశాడు. పెద్దాయనను ఒకసారి కొలిచాడు. వచ్చి బోనెట్ ఎత్తి మీ చుట్టూ కొలిచాడు, కొత్త మౌంటింగులు తట్టి చూశాడు, రెండుగా కోసిన సీటు కేసి చూశాడు, మీ గేరు కర్రను అటూఇటూ ఊపాడు.

"ఇది ఇందులో పట్టదండీ" అన్నాడు. "చిన్నచిన్న మార్పులు చేయాలి. ఎంత, రెండు వారాలు."

ఇట్లు,
మీ మామ