దెప్పే బటన్

మొన్నామధ్య అమ్మ ఫోన్ పట్టుకుని నా గదిలోకి వచ్చింది. "ఒరే, వీడేం రాశాడో కాస్త చూడు. నాకు అర్థమైంది నిజమేనా?" అంది.

ఫొటోలు దాచుకునే ఆప్ అది. ఏడాదికి సరిపడా చందా కట్టమని అడుగుతోంది. తెర మధ్యలో పెద్ద నీలం బటన్, దాని మీద "యెస్, ప్రొటెక్ట్ మై మెమరీస్" అని ఉంది. దాని కింద, కళ్ళు చికిలిస్తే తప్ప కనబడని బూడిదరంగు అక్షరాల్లో ఇంకో వాక్యం: "నో థాంక్స్, ఐ డోంట్ కేర్ అబౌట్ మై మెమరీస్."

అమ్మకి డబ్బు కట్టే ఉద్దేశం లేదు. అయినా ఆ బూడిదరంగు వాక్యం మీద వేలు పెట్టలేకపోయింది. ఆ ఫొటోల్లో నాన్న ఉన్నారు. "నా జ్ఞాపకాలంటే నాకు లెక్కలేదని నా వేలితో నేనే నొక్కి చెప్పాలా?" అని అడిగింది. కాసేపాగి, "వద్దంటే సరేనని ఊరుకోవాలి గానీ ఈ దెప్పడమేమిట్రా?" అంది.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. పదకొండేళ్ళుగా ఇలాంటి వాక్యాలు రాసే, రాయించే ఉద్యోగంలోనే ఉన్నాను. వద్దనే దారిలో పెట్టే ఈ వాక్యాన్ని మా ఆఫీసులో "ఆప్టవుట్ కాపీ" అంటాం. రెండు రకాలు రాసి, ఏది రాస్తే ఎక్కువమంది నీలం బటన్ నొక్కుతున్నారో లెక్క చూసి, నెగ్గినదాన్ని ఉంచుతాం. ఆ లెక్కలో ఎక్కడా "దెప్పడం" అనే మాట రాదు. వచ్చుంటే, గదిలో ఒక్కరైనా తలెత్తి చూసేవారని నా నమ్మకం.

ఇంగ్లీషులో దీనికి పేరు లేకపోలేదు. డిజైన్ రంగంలోనే పనిచేసే హ్యారీ బ్రిగ్నల్ 2010లో ఇలాంటి ఎత్తులన్నిటికీ కలిపి "డార్క్ ప్యాటర్న్స్" అని పేరు పెట్టాడు. వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేసే ఈ రకానికి "కన్ఫర్మ్‌షేమింగ్" అనే మాట వాడుకలోకి వచ్చింది. మంచి మాటలే. కానీ అవి ఎత్తు తెలిసినవాళ్ళు పెట్టుకున్న పేర్లు, నేర్చుకుంటే తప్ప రావు. అమ్మ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. దెబ్బ తగలగానే దాని పేరు ఆవిడ నోట్లో ఉంది.

మా మీటింగుల్లో వినిపించే మాటలు వేరు. ఫన్నెల్ అంటాం, గరాటు అన్నమాట. పైన వెడల్పు మూతిలో జనాన్ని పోస్తే కింద సన్న మూతిలోంచి కొనేవాళ్ళు దిగుతారు. కన్వర్షన్ అంటాం. మతం మారడానికి వాడే మాటే, ఇక్కడ చూసేవాడు కొనేవాడిగా మారడానికి వాడతాం. ఫ్రిక్షన్ అంటాం. మనిషి ఆగి ఆలోచించే ఆ రెండు సెకన్ల పేరు ఫ్రిక్షన్. కొనే దారిలో దాన్ని తగ్గించడం, మానేసే దారిలో దాన్ని పెంచడం మా పని. ఈ మాటలన్నీ అమ్మేవాడి కుర్చీలోంచి చూసి పెట్టుకున్నవి. రోజంతా వాటితో మాట్లాడితే, ఎదుటి కుర్చీలో మనిషి ఉన్న సంగతి మెల్లగా మసకబారుతుంది. ఇది నాకు జరిగింది, అందుకే రాస్తున్నాను.

మనసుని తిప్పే పనికి ఇంగ్లీషు పెట్టుకున్న మాటల్ని విప్పి చూస్తే, ఆ పని గురించి ఆ భాషకి ఎంత తెలుసో అర్థమవుతుంది. పర్స్వేడ్ అనే మాటకి మూలమైన లాటిన్ మాటా, ఇంగ్లీషు స్వీటూ, మన "స్వాదు"వూ ఒకే వేరు నుంచి వచ్చినవి. తీపి చేసి చెప్పడం అది. కన్విన్స్‌లో ఉన్నది గెలుపు. ఎదుటివాణ్ణి ఓడించి ఒప్పించడం. అడ్వర్టైజ్ అంటే ఇటు తిరిగేలా చేయడం. బ్రాండ్ అంటే కాల్చి వేసిన ముద్ర, పశువుకి వేసినట్టు. స్లోగన్ స్కాట్లాండు గేలిక్ భాషలో సేన వేసే కేక. క్యాంపెయిన్, టార్గెట్ అన్న మాటల్లో యుద్ధం ఉందని వేరే చెప్పక్కర్లేదు. ఇన్‌ఫ్లుయెన్స్ జ్యోతిషంలోంచి వచ్చింది. నక్షత్రాల నుంచి మనిషి మీదికి ఏదో ప్రవహించి వాడి రాతను తిప్పుతుందని ఒకప్పటి ఐరోపా నమ్మకం. ఇన్‌ఫ్లుయెంజా అనే జ్వరం పేరూ అక్కడిదే. ఇక మైండ్ అయితే మనకి దూరపు చుట్టం. సంస్కృతంలోని "మతి" దానికి తోబుట్టువు.

మన పక్కన "నచ్చజెప్పడం" చూడండి. నచ్చడం అనేది ఎదుటివాడి చేతిలో ఉన్న పని. చెప్పేవాడు ఎంత చెప్పినా అది వాడి ఇష్టం మీదే ఆగుతుంది. నాకు ఈ మాట మీద ఎంతో గౌరవం.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టే కథ ప్రొపగాండాది. ఆ మాట పుట్టుక తోటపనిలో ఉంది. కొమ్మ అంటుకట్టి మొక్కను పెంచినట్టు వ్యాపింపజేయడం దాని అర్థం. 1622లో పోప్ పదిహేనో గ్రెగరీ మత వ్యాప్తి కోసం ఏర్పాటు చేసిన సంస్థ పేరులో అది ఉంది. అప్పుడందులో చెడు ఏమీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఆ మాటకి మసి పూసింది. ఆ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వ ప్రచార కమిటీలో పనిచేసిన యువకుల్లో ఎడ్వర్డ్ బర్నేస్ ఒకడు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కి మేనల్లుడు. యుద్ధంలో పనికొచ్చింది శాంతికాలంలోనూ పనికొస్తుందని అతనికి తోచింది. అయితే మాట అప్పటికే చెడిపోయింది కాబట్టి తన పనికి "పబ్లిక్ రిలేషన్స్" అనే పేరు వాడుకున్నాడు. ప్రజల అలవాట్లనీ అభిప్రాయాలనీ తెలిసి, తెలివిగా మలచడం ప్రజాస్వామ్యంలో ముఖ్యమైన అంశమని 1928లో తన పుస్తకం మొదటి వాక్యంలోనే రాశాడు. దాచుకోలేదు.

మరుసటి ఏడు, 1929 మార్చి 31, ఈస్టర్ ఆదివారం. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ ఊరేగింపులో కొందరు యువతులు అందరూ చూస్తుండగా సిగరెట్లు వెలిగించారు. ఆడవాళ్ళు వీధిలో పొగ తాగడం తప్పుగా చూసే కాలం అది. పత్రికలు దాన్ని తిరుగుబాటుగా రాశాయి. వెనకున్నది బర్నేస్, అతని వెనక అమెరికన్ టొబాకో కంపెనీ. ఎ.ఎ. బ్రిల్ అనే మనోవిశ్లేషకుణ్ణి సలహా అడిగితే సిగరెట్లను స్వేచ్ఛా జ్యోతులతో పోల్చి చెప్పాడు. ఆ మాటే, "టార్చెస్ ఆఫ్ ఫ్రీడమ్", పొగాకుకి చుట్టిన కాగితం కంటే గట్టిగా అంటుకుంది. స్వేచ్ఛ కావాలన్న ఆ ఆడవాళ్ళ కోరిక నిజం. దాని చేతిలో సిగరెట్ పెట్టినవాడికి కావలసింది మాత్రం స్వేచ్ఛ కాదు. ఈ రోజు మనకొచ్చే ప్రకటనల్లో చాలావాటి నిర్మాణం ఇదే: నీలో ఉన్న ఒక నిజమైన కోరిక, దానికి అతికించిన ఒక వస్తువు, మధ్యలో జిగురుగా ఒక అందమైన మాట.

కొన్నిసార్లు ఆ మాట రోగం పేరవుతుంది. లిస్టరిన్ 1879 నాటిది, గాయాలూ శస్త్రచికిత్సల కోసం పుట్టిన మందు. 1920లలో దాన్ని అమ్ముకోవడానికి, వైద్య పుస్తకాల్లో ఓ మూలనున్న "హాలిటోసిస్" అనే మాటను ప్రకటనల్లోకి లాక్కొచ్చారు. నోటి కంపు అంటే పళ్ళు తోముకుని పోతాం. హాలిటోసిస్ అంటే భయపడతాం. వాసన ఒకటే, పేరు మారింది. పిల్లలకి ఈ ఒక్క ఉదాహరణ చెప్పినా చాలు, సగం పాఠం అయిపోయినట్టే.

న్యాయస్థానాలకి కూడా ఈ గొడవ కొత్త కాదు. ముక్కుతో పీల్చే మందు బంతి, తమ కార్బాలిక్ స్మోక్ బాల్‌ను చెప్పినట్టు వాడినా ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామని 1891లో లండన్‌లో ఒక కంపెనీ పత్రికల్లో ప్రకటించింది. లూయిజా కార్లిల్ అనే ఆవిడ వాడింది, ఆవిడకి ఫ్లూ వచ్చింది, డబ్బు అడిగింది. అది ఉత్త "పఫ్" అని కంపెనీ వాదన. అంటే ఎవరూ నిజమనుకోని గొప్ప అని. మన తెలుగులో కోతలు. కానీ మా చిత్తశుద్ధికి గుర్తుగా బ్యాంకులో 1000 పౌండ్లు వేశామని ఆ ప్రకటనలోనే ఉంది. అలా రాసినవాడు కోతలు కోశానని ఇప్పుడు తప్పించుకోలేడని కోర్టు ఆవిడకే డబ్బు ఇప్పించింది. అంకె వేసి, హామీ ఇచ్చి చెప్పిన మాటని మాటగానే పట్టుకుంది. కోతకీ మాట ఇవ్వడానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పిన తీర్పుగా దాన్ని న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు.

ఇప్పటి ప్రకటనలు ఆ తీర్పు నేర్పిన జాగ్రత్తతోనే రాస్తారు. "హెల్ప్స్", "అప్ టు", "మే" లాంటి చిన్న మాటలు వాక్యంలో ఎక్కడో నక్కి ఉంటాయి. వీటిని ఇంగ్లీషులో "వీజిల్ వర్డ్స్" అంటారు. వీజిల్ అనే చిన్న జంతువు పెంకు పగలకుండా గుడ్డులోని సొనంతా పీల్చేస్తుందట; ఈ మాటలూ వాక్యాన్ని అలాగే డొల్ల చేస్తాయి. సగానికి సగం తగ్గింపు "వరకు" అన్నప్పుడు, పైసా తగ్గించకపోయినా వాక్యం అబద్ధం కాదు.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ భయపెట్టి అమ్మేవాడినే అవుతాను. 1957లో జేమ్స్ వికరీ అనే మార్కెట్ పరిశోధకుడు సినిమా తెర మీద కంటికి అందనంత వేగంగా "పాప్‌కార్న్ తినండి", "కోకాకోలా తాగండి" అని మెరిపించి అమ్మకాలు పెంచానన్నాడు. సబ్లిమినల్ అనే మాట ఊరూవాడా పాకింది. మనసు గడప కింది నుంచి దూరడం అని దాని అర్థం. ఐదేళ్ళ తర్వాత, చెప్పుకోదగ్గ ఆధారాలేవీ తన దగ్గర లేవని అతనే ఒప్పుకున్నాడు. ప్రకటన మనసుని మరబొమ్మలా ఆడిస్తుందన్న భయం కూడా ఒక ప్రకటనే అన్నమాట, అతని సేవలకి. నీలం బటన్ మా అమ్మని ఆడించలేదు. ఇబ్బంది పెట్టింది, అంతే. ఆ ఇబ్బందిని కొన్ని లక్షల మందితో హెచ్చవేస్తే మా జీతాలు వస్తాయి.

నేను అడగదలచుకున్నది మన తెలుగు సంఘం పిల్లలకి నడిపే తెలుగు తరగతుల గురించి. అక్కడ రంగుల పేర్లు, పూల పేర్లు, చుట్టరికాలు నేర్పుతున్నాం. బావుంది. ఊరించడం, ఉబ్బేయడం, ఎర వేయడం, మభ్యపెట్టడం, బుట్టలో వేసుకోవడం, నూరిపోయడం, అరచేతిలో వైకుంఠం చూపడం, మునగచెట్టు ఎక్కించడం ఎందుకు నేర్పడం లేదు? ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. ఊరించేవాడు చూపించి ఇవ్వడు. ఎర వేసేవాడు కొంచెం ఇస్తాడు. మునగచెట్టు ఎక్కించేవాడు నిన్ను పొగుడుతాడు, విరిగే కొమ్మ మాత్రం నీ కిందిదే. ట్రయల్ ఉచితం అన్నప్పుడు వీటిలో ఏది జరుగుతోందని పదేళ్ళ పిల్లని అడిగి చూడండి, చక్కగా తేల్చేస్తుంది. బ్రెయిన్‌వాషింగ్ అనే ఇంగ్లీషు మాట చైనా భాష నుంచి అనువాదమై 1950లో వ్యాప్తిలోకి వచ్చింది. "నూరిపోయడం" మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది, ఓపికగా రోజూ కొంచెం కొంచెం చేసే పని అని చెబుతూ.

మనకి లేనివీ ఉన్నాయి. గ్యాస్‌లైటింగ్‌కి తెలుగులో ఒక్క మాట నాకు దొరకలేదు. 1938 నాటి ఒక ఇంగ్లీషు నాటకంలో భర్త, నీకు మతి తప్పుతోందని భార్యనే నమ్మించాలని చూస్తాడు. అతను రహస్యంగా పై అంతస్తులో దీపాలు వెలిగించినప్పుడల్లా కింద గ్యాసు దీపాలు మసకబారుతుంటాయి. ఆ దీపమే మాటైంది. దాన్ని అలాగే తీసుకుందాం, సిగ్గేమీ లేదు.

ఇదంతా ఇంగ్లీషులోనే నేర్పవచ్చు కదా, తెలుగెందుకు అని ఒక తండ్రి నన్నడిగారు. న్యాయమైన ప్రశ్న. మన పిల్లలకి ఇంగ్లీషు గాలిలాంటిది, అందులో వచ్చే మాట ఒరుసుకోకుండా లోపలికి పోతుంది. తెలుగులోకి మార్చాలంటే ఒక్క క్షణం ఆగాలి. మా వృత్తివాళ్ళు తగ్గించాలని చూసే ఆ రెండు సెకన్లు అక్కడ తిరిగి దొరుకుతాయి. "లాస్ట్ ఛాన్స్! డోంట్ మిస్ అవుట్!" అనే వాక్యాన్ని మా అమ్మాయి చేత తెలుగులో చెప్పించాను, ఎవరో గుమ్మంలో నిలబడి తనతో అంటున్నట్టు. కాసేపు ఆలోచించి, "ఇప్పుడు తీసుకోకపోతే తర్వాత ఏడుస్తావు" అంది. అని, "ఇలా ఎవరైనా అంటే తలుపేసేస్తాను" అంది.

ఆఫీసులో కూడా ప్రయత్నించాను. మేం వాడుతున్న ఒక వద్దనే వాక్యాన్ని మీటింగులో పైకి చదివి, మీ అమ్మతో ఈ మాట అనగలరా అని అడిగాను. వాదన గంటసేపు సాగింది. చివరికి ఒక్క పేజీలో "నో థాంక్స్" అని మాత్రమే ఉంచడానికి ఒప్పుకున్నారు. మిగతా పేజీలు ఇంకా అలాగే ఉన్నాయి.

అమ్మ ఆ రోజు చందా కట్టలేదు, బూడిదరంగు వాక్యమూ నొక్కలేదు. ఫోనే ఆపేసింది. అప్పటినుంచి అలాంటిదేదైనా కనబడితే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపుతుంది, కింద ఒక్క తెలుగు మాట రాసి. నిన్న వచ్చినదాని కింద "ఊరింపు" అని ఉంది. ఈ రోజు పొద్దున వచ్చినదాని కింద రెండు మాటలు రాసి, ఏది సరైనదో నువ్వే చెప్పు అంది.