290 కిలోమీటర్లకు వయా హైదరాబాద్!

విశాఖపట్నం, గన్నవరం (విజయవాడ) విమానాశ్రయాల మధ్య గాలిదారిలో దూరం సుమారు 290 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్ అనే చిన్న ఫ్యాన్ల విమానానికి లెక్క ప్రకారం 35 నిమిషాల పని. టైంటేబుల్‌లో మాత్రం గంట అటూఇటూగా వేస్తారు. అందులో మోసమేమీ లేదు. తలుపు మూసి కదలడం, రన్‌వే చివరిదాకా పోవడం, పైకెక్కడం, దిగడం, మళ్లీ వచ్చి ఆగడం అన్నీ ఆ గంటలోనే. ఎక్కినవాళ్లకు తెలుసు, ఫ్యాన్ల హోరు చెవులకు అలవాటు పడేలోపే బెల్టులు పెట్టుకోమంటారు.

ఇంత చిన్న ప్రయాణానికి 2025 ఏప్రిల్‌లో భీమిలి ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావుకు ఐదు గంటలు పట్టింది. నేరుగా పోయే ఉదయం విమానాలు రద్దు కావడంతో 8 గంటలకు ఇంట్లో బయల్దేరి, హైదరాబాద్ వెళ్లి, అక్కడ విమానం మారి గన్నవరంలో దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయిందని ఆయనే వాపోయారు. విశాఖ నుంచి శంషాబాద్‌కు సుమారు 510, అక్కడి నుంచి గన్నవరానికి 265. అంటే 290 కిలోమీటర్ల దూరానికి 775 కిలోమీటర్ల చుట్టు! పొద్దున వందేభారత్ ఉన్న రోజైతే అది ఎక్కి నాలుగు గంటల్లో బెజవాడలో దిగేవారు. ఆ మంగళవారం అదీ లేదు.

మంత్రిగా చేసిన అధికార పక్ష నాయకుడు కాబట్టి అది వార్తయింది. హైకోర్టులో పదిన్నరకు వాయిదా ఉన్న గాజువాక మనిషి సంగతి ఎవరికి పట్టింది? ఫైలు చంకన పెట్టుకుని ముందురోజు రాత్రే రైలెక్కడం ఆయనకు అలవాటైపోయింది.

రెండు ఊళ్ల మధ్య విమానం ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. పొద్దున వెళ్లి, పని చూసుకుని, రాత్రికి ఇంటికి వచ్చేలా ఉందా అన్నది అసలు ప్రశ్న. మధ్యాహ్నం విమానం గంటలో దించినా ఆఫీసు పనివాడికి దండగే, హోటల్ గది ఖర్చు అదనం. విమానయాన సంస్థల లెక్క వాటికుంటుంది. ఉన్న విమానాన్ని లాభమొచ్చే రూటుకు మళ్లిస్తాయి. దాన్ని తప్పుపట్టలేం.

అక్కడే ప్రభుత్వం కలగజేసుకోవాలి. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే ఉడాన్ పథకం కింద కేంద్రం కొత్త రూట్లకు కొన్నేళ్లపాటు లోటు పూడుస్తుంది. 2018 డిసెంబరులో విజయవాడ నుంచి సింగపూర్‌కు విమానం కోసం మన రాష్ట్రమే ఖాళీ సీట్ల భారం మోయడానికి ఒప్పుకుంది. ఆ సర్వీసు ఏడాదైనా నిలవలేదనుకోండి. సింగపూర్‌కు చేసిన సాహసం విశాఖకు ఎందుకు చేయకూడదు? పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, వారంలో అన్ని పనిదినాలూ కచ్చితంగా నడిపితేనే డబ్బిస్తామని షరతు పెట్టాలి. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు సిక్కోలు వాసి. ఈ తిప్పలు ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

భోగాపురం కొత్త విమానాశ్రయం సంగతీ ఇప్పుడే చూసుకోవాలి. ఇప్పుడున్న విమానాశ్రయం నగరంలోనే ఉంది. కొత్తది విశాఖకు 40 కిలోమీటర్ల అవతల. విమానాలు అక్కడికి మారాక, ఈ 35 నిమిషాల ప్రయాణం కోసం గాజువాకవాసి ఊరంతా దాటి భోగాపురం చేరేసరికి, తెల్లారి విశాఖలో కదిలిన వందేభారత్ తుని దాటిపోతుంది.