తెల్లబడిన పువ్వుకు ఎరువు అక్కర్లేదు

నిన్న-నేడు-రేపు అని పిలిచే బ్రన్‌ఫెల్సియా మొక్క ఫొటోతో ఒక పోస్టు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఒకే కొమ్మకు ఊదా, లేత ఊదా, తెలుపు పూలు. కింద నాలుగు మాటలు: ఇది మూడు మొక్కలను కలిపి అంటుకట్టింది, పూలు తెల్లబడితే బలం తగ్గినట్టు, ఎప్సమ్ సాల్ట్ వేయాలి, వాసన రాకపోతే నకిలీ మొక్క, మల్లె జాతిది కాబట్టి ఇంట్లో ఎవరికీ హాని లేదు. నాలుగూ తప్పే. చివరిదైతే ప్రాణం మీదికి తెస్తుంది.

ముందు అంటు సంగతి. వేరే రంగు మొక్కను అంటుకడితే ఆ రంగు ఆ కొమ్మకే వస్తుంది. ఇక్కడ ఒకే గుత్తిలో మూడు రంగులూ పక్కపక్కనే ఉంటాయి. నమ్మకం కుదరకపోతే, విచ్చుకోబోయే మొగ్గ కాడకు దారం కట్టి చూడండి. మొదటి రోజు ముదురు ఊదా రంగులో, మధ్యలో గొంతు చుట్టూ చిన్న తెల్లటి వలయంతో విచ్చుకుంటుంది. మర్నాడు రంగు పలచబడుతుంది. మూడో నాటికి దారం కట్టిన ఆ పువ్వే దాదాపు తెల్లగా కనిపిస్తుంది. రేకుల్లో ఉండే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం పువ్వు విచ్చుకున్నాక క్రమంగా విరిగిపోవడమే ఇందుకు కారణం.

అంటే తెలుపు పువ్వు వయసే తప్ప లోపం కాదు. దానికి మందు వేయడం మొక్కకు అన్యాయం. కుండీలో లవణాలు పేరుకుంటే వేళ్లు దెబ్బతింటాయి, నత్రజని ఎక్కువైతే ఆకులు గుబురుగా పెరిగి మొగ్గలు తగ్గుతాయి. నిజంగా లోపం ఉందో లేదో తెలియాలంటే పువ్వును కాదు, లేత ఆకును చూడాలి. ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపు పడితే అది ఇనుము అందని లక్షణం. మట్టిలో క్షారం ఎక్కువైతే ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. ఎప్సమ్ సాల్ట్‌లో ఉండేది మెగ్నీషియం, ఇనుము కాదు. కాస్త ఆమ్ల గుణం ఉన్న, నీరు నిలవని మట్టి, బాగా మాగిన కంపోస్టు, అవసరమైతే చిలేటెడ్ ఐరన్ (వేరు సులువుగా తీసుకోగల రూపంలో ఉండే ఇనుము), ఇవి చాలు. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ దీనికి సుఖం. కత్తిరించాలనుకుంటే పూత అయిపోయిన వెంటనే కత్తిరించండి.

వాసన లేకపోతే నకిలీ అన్నది కూడా అపోహే. బ్రన్‌ఫెల్సియాలో చాలా జాతులున్నాయి. బ్రెజిల్‌కు చెందిన పౌసిఫ్లోరా జాతికి పూలు పెద్దవే కానీ వాసన అంతంతమాత్రం. ఆస్ట్రాలిస్ జాతి మాత్రం గుప్పున వాసన వేస్తుంది. రెండూ అసలైనవే.

ఇక మల్లె జాతి అన్న మాట. మల్లె ఆకులు కొమ్మకు ఎదురెదురుగా పుడతాయి, దీని ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. పూల గొట్టాన్ని చీల్చి చూస్తే మల్లెలో రెండు కేసరాలు, దీనిలో నాలుగు. ఇది వంకాయ, ఉమ్మెత్తల కుటుంబం, సొలనేసి. ఆ కుటుంబంలో కొన్ని కూరలు, కొన్ని విషాలు. ఇది విషాల వైపు.

ముఖ్యంగా కుక్కలకు. ఆకు, పువ్వు, కాయ, గింజ ఏది తిన్నా ప్రమాదమే. ఇందులోని బ్రన్‌ఫెల్సమిడిన్ అనే పదార్థం నాడీ వ్యవస్థ మీద పనిచేస్తుంది. వాంతులు, వణుకు, కాళ్లు బిగుసుకుపోవడం, ఫిట్స్ వస్తాయి, చనిపోయిన కుక్కలూ ఉన్నాయి. "హాని లేదు" అన్న ఒక్క మాట నమ్మి కుక్క తిరిగే చోట ఈ మొక్క నాటేవాళ్లను తలుచుకుంటేనే నాకు టెన్షన్. మొక్కను పీకేయమనడం లేదు. కుక్కకు అందనిచోట పెట్టండి, కాయలు కనిపించగానే కోసేయండి, రాలినవి ఏరేయండి. కుక్క తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఒక రెమ్మ కూడా పట్టుకెళ్లండి. ఈ ఫిట్స్ చూడటానికి స్ట్రిక్నిన్ విషంలాగే ఉంటాయి, రెమ్మ చూపిస్తే డాక్టరుకు వెతుకులాట తప్పుతుంది.