మా బాత్రూమ్ గ్యాస్ గీజరు గారికి

మహారాజశ్రీ గ్యాస్ గీజరు గారి దివ్యసముఖానికి,

మూడో అంతస్తు నుంచి, తల మీద షాంపూ నురగతో నిలబడ్డ భక్తుడు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టేవాడినే. అందులో 'ఉభయ' ఉంది కదా, అక్కడే చెయ్యి ఆగింది.

జనవరి నెల, హైదరాబాద్, పొద్దున్న ఆరు. కుళాయి తిప్పగానే తమరు టిక్‌టిక్‌టిక్ అన్నారు, వెలగలేదు. సిలిండర్ అయిపోయిందేమో అని అరిచాను. అదే సిలిండర్ మీద ఉప్మా ఉడుకుతోందని వంటింట్లోంచి జవాబొచ్చింది. తమరి పొట్ట కింద రెండు లావుపాటి బ్యాటరీలుంటాయని, నిప్పురవ్వ పుట్టేది వాటితోనేనని, తమరొచ్చిన రెండేళ్లకి ఆ రోజు తెలిసింది. మార్చగానే భగ్గుమన్నారు.

పది రోజులకి మౌనవ్రతం. ఈసారి టిక్ అని కూడా అనలేదు. తమరెంత సుకుమారులో అప్పుడర్థమైంది. నీళ్లు తోసుకుంటూ వచ్చి లోపలి రబ్బరు పొరని నొక్కితే గానీ తమరు కన్ను తెరవరట. ట్యాంకు నెత్తిమీదే ఉంది కదా అని మేం మురిసిపోతుంటాం గానీ, ఎత్తు తక్కువైతే నీళ్లకి తోపూ తక్కువే. ఆ ఉన్న కాస్త తోపుకీ అడ్డం, పైపు బిగించే చోట ఉండే చిన్న జల్లెడ. దాన్నిండా మా బోరు పంపిన ఇసుక. గ్యాస్, నీళ్లు కట్టేసి, దాన్ని విప్పి పాత టూత్‌బ్రష్‌తో తోమాక కరుణించారు.

ఇరవై నిమిషాలు వెలిగాక తమంతట తామే ఆరిపోయే అలవాటు కూడా ఉంది తమరికి. మా బావమరిది దాన్ని రిపేరనుకుని, మా రక్షణకే పెట్టిన ఆ టైమరు పీకేసే మెకానిక్ కోసం వాకబు చేశాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బుద్ధిమంతుణ్ణి ఉద్యోగంలోంచి తీయించాలని చూశాడన్నమాట.

ఇక గౌరవాలు పక్కన పెడుతున్నాను. నీ టిక్‌టిక్‌కి ఇల్లంతా పరుగులు పెట్టామే, అసలు సంగతి ఒక్కసారైనా చప్పుడు చేసి చెప్పావా? నీలంగా ఉండాల్సిన నీ మంట పసుపు తిరిగింది. పైన గోడకి మసి పట్టింది. మా అమ్మ శుభ్రంగా తుడిచేసింది. అదెందుకు పట్టిందని ఎవరూ అడగలేదు. చలిగాలి కొడుతోందని వెంటిలేటరుకి అట్టముక్క అడ్డం పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

గాలి చాలక గ్యాస్ సరిగ్గా కాలకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. సిలిండర్ గ్యాస్ లీకైతే ముక్కు పసిగట్టాలని అందులో ఘాటైన మెర్కాప్టాన్ కలుపుతారు. దీనికి ఆ మర్యాద కూడా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్నానం చేసొచ్చి మా చెల్లెలు తల తిరుగుతోంది, వాంతి వచ్చేలా ఉంది అంటే, ఖాళీ కడుపున వేడినీళ్లు పోసుకుంటే అంతే అన్నాం. పైగా దిష్టి తీశాం! నువ్వేమో గోడ మీద నుంచి చూస్తూ ఊరుకున్నావు.

మా తాతగారి రాగి బాయిలరు పెరట్లో ఉండేది. బొగ్గులేసి, పొగకి కళ్లు తుడుచుకుంటూ ఊదేవాళ్లం. అదీ ఇదే విషం వదిలేది గానీ, దానికి ఆకాశమంత వెంటిలేటరు. నాలుగడుగుల పైపు ఖర్చు కలిసొస్తుందని నిప్పుని తెచ్చి, లోపల గడియ పెట్టుకునే గదిలో మేకు కొట్టి తగిలించింది మాత్రం మేమే. నీతో వచ్చిన పుస్తకంలో బాత్రూమ్‌లో పెట్టకూడదని రాసే ఉంది. ఆ పుస్తకం వారంటీ కార్డుతో సహా అటక మీద క్షేమం.

అందుకని నీకు బదిలీ ఉత్తర్వులు. వచ్చే ఆదివారం నుంచి నీ కొలువు యుటిలిటీ బాల్కనీలో. బాత్రూమ్‌లోకి వేడినీళ్ల పైపు మాత్రమే వస్తుంది. అందాకా నీకు సెలవు, మాకు పొయ్యి మీద డేగిసా. మెకానిక్ వచ్చి నీ బర్నరు కడిగి, పొట్టలో పేరుకున్న సున్నం కూడా తీస్తాడు. రాగి చెంబైతే చింతపండుతో నేనే తోమేవాణ్ణి, నీ రాగి గొట్టంలోకి చెయ్యి దూరదు. గ్యాస్ తెచ్చే నారింజ రంగు సురక్ష పైపు ఐదేళ్లకే మార్చాలట. నీకన్నా ముందే మా ఇంటికొచ్చిన పైపు ఏడో ఏట పడింది, కొత్తది తెచ్చాను. జాయింట్లకి సబ్బు నురగ రాసి, బుడగలొస్తున్నాయా అని చూస్తాం. అగ్గిపుల్ల గీసి చూద్దామన్న బావమరిదిని ముందే పెసరట్లకి పంపించేస్తాం. గ్యాస్ లీకైతే చేసే 1906 నంబరుని అమ్మ క్యాలెండర్ మీద పాల లెక్క పక్కన రాసుకుంది.

ఇట్లు,
నురగ ఇంకా ఆరని నీ యజమాని

తా.క.: అట్టముక్క తీసేశాను. చలి మామూలుగా లేదు.