ఆ విందుల్లో జరుగుతున్నది వెట్టిచాకిరీ కాదు

డాలస్ చుట్టుపక్కల తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. హైదరాబాద్, విజయవాడ గ్రూపులకూ పాకింది. దాని సారాంశం ఇది: “జువైనల్ హోం నుంచి వచ్చిన పిల్లల చేత, వీధి పిల్లల చేత రెస్టారెంట్లలో ఎంగిలి ప్లేట్లు ఎత్తించి దానికి శిక్షణ అని పేరు పెడుతున్నారు. జీతం ఉండదు. డబ్బున్నవాళ్లు తమ దయాగుణం చాటుకోవడానికి అక్కడ భోంచేస్తారు. నాలుగు రోజులు పోయాక హోటల్ మూతపడుతుంది, పిల్లలు మళ్లీ రోడ్డున పడతారు.”

పంపుతున్నవారు ఆ పిల్లల మీద ప్రేమతోనే పంపుతున్నారనుకుందాం. అయినా ఈ మాటలు ఆ పిల్లల కష్టాన్నే చులకన చేస్తున్నాయి. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

ముందు జీతం సంగతి. డాలస్‌లో ఈ పని చేస్తున్నది కెఫే మొమెంటమ్ అనే సంస్థ. చాడ్ హౌజర్ అనే షెఫ్ 2011లో నగరంలోని రెస్టారెంట్లలో అప్పుడప్పుడు ఒక్క రాత్రి విందులు ఏర్పాటు చేయడంతో ఇది మొదలైంది. జువైనల్ హోంలోని కుర్రాళ్లే ఆ రాత్రి వండి వడ్డించేవారు. 2015లో డౌన్‌టౌన్‌లో సొంత రెస్టారెంటే తెరిచారు. కేసుల్లో చిక్కుకున్న 15 నుంచి 19 ఏళ్ల పిల్లలు అక్కడ ఏడాది పాటు పనిచేస్తూ నేర్చుకుంటారు. ఆ పనికి జీతం ఉంది. దానితో పాటు ఆగిపోయిన చదువు, మానసిక ఆరోగ్యం, డబ్బు జాగ్రత్త చేసుకోవడం వంటివన్నీ చూసుకునే మనుషులూ ఉన్నారు. హోటల్ పని జీతాల మీద నిజంగా కోపం ఉంటే దాన్ని టెక్సస్ చట్టం మీద చూపించాలి. అక్కడ టిప్పులు వచ్చే వెయిటరుకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే సరిపోతుంది. కనీస వేతనమైన 7.25 డాలర్లకు మిగిలినది టిప్పులతో నిండాలి. 1991 నుంచి ఆ 2.13 కదలలేదు. ఆ సందేశంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

ఇక ఎంగిలి ప్లేట్ల మాట. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. అవును, ఆ పిల్లలు ప్లేట్లు ఎత్తుతారు, గిన్నెలు కడుగుతారు. తర్వాత కూరగాయలు తరుగుతారు, పొయ్యి దగ్గర నిలబడతారు, తలుపు దగ్గర అతిథులను పలకరిస్తారు, బల్లల దగ్గర వడ్డిస్తారు. ఒక్కో పనికీ వంతు వస్తుంది. కోడి మాంసం లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందో లేదో థర్మామీటరు గుచ్చి చూడాలి. రంగు చూసి ఉడికిందనుకుంటే కుదరదు. ఎవరైనా వేరుశనగ పడదని చెబితే ఆ మాట రాసుకుని, వంటగదికి చేర్చి, వేరే కత్తితో వేరే పలక మీద తరిగేలా చూడాలి. ఆ కబురు దారిలో ఎక్కడ తప్పినా ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుంది. నిన్నటిదాకా ఎవరూ ఏ బాధ్యతా అప్పగించని పదిహేడేళ్ల కుర్రవాడి చేతిలో ఈ పని పెడుతున్నారు. తరగతి గదిలో దీన్ని చెప్పగలరు గానీ, ఏడున్నరకు బల్లలన్నీ నిండి, నాలుగు ఆర్డర్లు ఒకేసారి వచ్చినప్పుడు చేయి వణకకుండా ఉండటం అక్కడ రాదు. డబ్బిచ్చి తినడానికి వచ్చిన కొత్త మనిషి ఎదురుగా కూర్చుంటేనే వస్తుంది. విందు పెట్టడానికి కారణం అదే.

మన పెళ్లిళ్లలో బంతి నడిపించే మనిషిని చూడండి. ఏ విస్తరిలో పప్పు అయిపోయిందో, ఎవరికి మళ్లీ పులుసు కావాలో కనిపెట్టి చూసే ఆయన లేకపోతే పెళ్లివారి పరువు పోతుంది. ఆ నేర్పును అక్కడ గౌరవించి, అదే పని జీతానికి చేసేవాడిని ‘ఎంగిలి ఎత్తేవాడు’ అని చిన్నచూపు చూడటం మనలో పాతుకుపోయిన కుల అహంకారం. దాన్ని పేదపిల్లల మీద సానుభూతిగా చూపించకండి.

డబ్బున్నవాళ్లు దయ చాటుకోవడానికే అక్కడ తింటారన్నదానికి కంబోడియా నుంచి జవాబు ఉంది. నాంపెన్‌లో 1994లో మొదలైన మిత్ సమ్లాన్ సంస్థ వీధి పిల్లలకు హోటల్ పని నేర్పుతుంది. ఫ్రెండ్స్, రొమ్‌డెంగ్ అనే రెస్టారెంట్లు అందుకోసం వచ్చినవే. వడ్డించేవారి చొక్కా మీదే ‘విద్యార్థి’, ‘ఉపాధ్యాయుడు’ అని రాసి ఉంటుంది. పక్కనే గురువు నిలబడి తప్పు దిద్దుతుంటాడు, అతిథి కళ్లముందే. రొమ్‌డెంగ్‌కు వేయించిన సాలీళ్లు రుచి చూడటానికి వెళ్లేవారూ ఉన్నారు. జాలి మనిషిని ఒకసారి తీసుకువస్తుందేమో, రెండోసారి రప్పించేది వంటే. పైగా వీధిలో అడుక్కునే పిల్లల చేతిలో డబ్బు పెట్టవద్దని, అది వాళ్లను వీధిలోనే ఉంచుతుందని పర్యాటకులకు చెబుతున్నదీ వీళ్లే.

మూతపడతాయన్న మాటలో కొంత నిజం ఉంది. బ్రిటిష్ షెఫ్ జేమీ ఆలివర్ 2002లో లండన్‌లో పదిహేను మంది నిరుద్యోగ యువతతో తెరిచిన ఫిఫ్టీన్ అనే రెస్టారెంట్, 2019 మేలో ఆయన రెస్టారెంట్ల సంస్థ కుప్పకూలినప్పుడు దానితో పాటే పోయింది. ఇంగ్లండ్‌లోనే కార్న్‌వాల్ ప్రాంతంలోని ఫిఫ్టీన్ అదే ఏడాది డిసెంబరులో మూతపడింది. బాధాకరమే. శిక్షణను ఒక్క వ్యాపారం లాభనష్టాలకు కట్టేస్తే వచ్చే ప్రమాదం అది. అయితే మూతపడేలోపు అక్కడ పని నేర్చుకున్నవారి చేతుల్లోంచి ఆ పని ఎక్కడికీ పోలేదు. వియత్నాం రాజధాని హనోయ్‌లో 1999లో చిన్న శాండ్‌విచ్ కొట్టుగా మొదలైన కోటో అనే శిక్షణ సంస్థ మాత్రం తరాల కొద్దీ పిల్లలను తయారుచేస్తూ వచ్చింది.

శిక్షణ పేరుతో దోపిడీ జరగదని నేను అనడం లేదు. మన హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థులు పారిశ్రామిక శిక్షణలో నామమాత్రపు స్టైపెండ్‌కు రోజంతా ఎలా పనిచేస్తారో ఆ రంగంలో ఉన్నవారికి తెలుసు. కేంద్ర పర్యాటక శాఖ హునర్ సే రోజ్‌గార్ తక్ అనే పథకం కింద మొదట్లో ఇచ్చినది ఆరు నుంచి ఎనిమిది వారాల శిక్షణే. పేద యువతకు అది మేలే చేసింది గానీ, ఇల్లూ చదువూ రెండూ చెదిరిపోయిన పిల్లవాడికి అంత తక్కువ కాలం చాలదు.

కాబట్టి ఆ సందేశం మీ దగ్గరికి వస్తే పంపినవారిని అడగండి: ఫలానా చోట పిల్లలకు జీతం ఇస్తున్నారా, ఎన్ని నెలలు నేర్పుతున్నారు, బయటికి వచ్చినవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? వీటికి జవాబు చెప్పలేని సంస్థ ఉంటే పేరు పెట్టి నిలదీద్దాం, నేనూ మీతో ఉంటాను. డాలస్‌లో ఉన్నవారైతే ముందు ఒక సాయంత్రం కెఫే మొమెంటమ్‌లో బల్ల బుక్ చేసుకుని భోంచేసి రండి.