మైనర్ కౌంటీలో ఆడినంత మాత్రాన బార్న్స్ చిన్నవాడైపోతాడా?

గొప్ప బౌలర్ల మాట వచ్చినప్పుడల్లా నేను వందేళ్ల కిందటి ఇంగ్లండ్ బౌలర్ సిడ్నీ బార్న్స్ పేరెత్తుతాను. వెంటనే ఎవరో ఒకరు "ఆయన ఎక్కువగా ఆడింది మైనర్ కౌంటీల్లోనే కదా, అక్కడ ఎవరికైనా వికెట్లు పడతాయి" అని తీసిపారేస్తారు. మైనర్ కౌంటీలంటే ఇంగ్లండ్‌లో ఫస్ట్‌క్లాస్ హోదా, అంటే పెద్ద స్థాయి క్రికెట్ హోదా లేని జిల్లా జట్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

27 టెస్టుల్లో 189 వికెట్లు, సగటు (ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగులు) 16.43. 1913-14లో దక్షిణాఫ్రికా మీద నాలుగే టెస్టులాడి 49 వికెట్లు తీశాడు. ఒక సిరీస్‌లో అన్ని వికెట్లు ఈ రోజుకీ ఇంకెవరూ తీయలేదు. 1911 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో అయితే కొత్త బంతితో ఒక్క పరుగిచ్చి బార్డ్‌స్లీ, కెల్లవే, హిల్, ఆర్మ్‌స్ట్రాంగ్‌లను పెవిలియన్‌కి పంపాడు. ఆస్ట్రేలియా 11 పరుగులకి 4 వికెట్లు! వీళ్లేమన్నా మైనర్ కౌంటీ బ్యాటర్లా?

లెగ్ బ్రేక్ వేసేవాళ్లు మామూలుగా మణికట్టు తిప్పుతారు. బార్న్స్ మాత్రం తాళంచెవి తిప్పినట్టు వేళ్లతోనే తిప్పేవాడు, అదీ ఫాస్ట్ మీడియం వేగంతో. గాల్లో లోపలికొచ్చే బంతి పిచ్ మీద పడ్డాక బయటికి తిరిగేది. ఎలా ఆడతారు?

మరి అంతటివాడు మైనర్ కౌంటీ అయిన స్టాఫర్డ్‌షైర్‌కి ఎందుకెళ్లాడు? 1901లో లీగ్ క్రికెట్ (స్థానిక క్లబ్బుల పోటీలు) ఆడుకుంటున్నవాణ్ని నెట్స్‌లో చూసి ఇంగ్లండ్ కెప్టెన్ మెక్‌లారెన్ ఏకంగా ఆస్ట్రేలియా టూర్‌కి తీసుకెళ్లాడు. తర్వాత ఫస్ట్‌క్లాస్ కౌంటీ లాంకషైర్‌కి రెండు పూర్తి సీజన్లు ఆడాడు, 1903లో 131 వికెట్లు తీశాడు. జీతం దగ్గర తేడా వచ్చి బయటికొచ్చేశాడు. కౌంటీ ప్రొఫెషనల్ అంటే దాదాపు వారమంతా ఒళ్లు హూనం చేసుకోవాలి. లీగ్‌లో శనివారం ఒక్క మ్యాచ్, చేతికి మంచి డబ్బు. బాగా ఆడిన రోజు ప్రేక్షకుల మధ్య డబ్బా తిప్పి మరీ చందా వసూలు చేసిచ్చేవాళ్లు. మిగతా రోజుల్లో మైనర్ కౌంటీ వాళ్ల రెండు రోజుల మ్యాచ్‌లు. పనిమంతుడికి ఇందులో తప్పేముంది?

అదీ ఎలాంటి కాలమని! డబ్బు తీసుకోని అమెచ్యూర్ పేరుకి ముందు "మిస్టర్", కూలి తీసుకునే ప్రొఫెషనల్‌కి వేరే గేటు, వేరే డ్రెస్సింగ్ రూమ్. ఈ తేడా 1962 దాకా సాగింది. అలాంటి చోట నా పనికి విలువ కట్టండి అని అడిగినవాడికి పొగరుబోతన్న ముద్ర వేశారు. దక్షిణాఫ్రికాలోనూ అంతే, డబ్బు దగ్గర మాట తేడా వచ్చి ఐదో టెస్టు ఆడనన్నాడు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, మళ్లీ టెస్టు ఆడలేదు. ఆ 49 దగ్గర ఆగిపోవడం నాకిప్పటికీ మనసుకి కష్టంగానే ఉంటుంది, కానీ తప్పు ఆయనదని మాత్రం అనను.

స్టాఫర్డ్‌షైర్‌కి మొత్తం 1,441 వికెట్లు, సగటు 8.15. అరవై దాటాక కూడా ఆడాడు. "చిన్న క్రికెట్" అనేవాళ్లకి ఇంకొకటి చెప్తా. 1929లో ఇంగ్లండ్ టూర్‌కొచ్చిన దక్షిణాఫ్రికా జట్టు మైనర్ కౌంటీస్‌తో ఆడింది. అప్పటికి బార్న్స్ వయసు 56. 41 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు.

ఇంత జరిగాక కూడా రికార్డు పట్టికల్లో ఆయన పేరు పక్కన 719 ఫస్ట్‌క్లాస్ వికెట్లే కనిపిస్తాయి. ఫస్ట్‌క్లాస్ కాదు కాబట్టి కలపకండి, సరే. పక్కన ఇంకో గడి గీసి ఆ 1,441 వేయడానికి అడ్డమేంటో నాకర్థం కాదు.